బీర పీచు

రోహిణి కార్తెలో, ఇంకా కాలవ వదలని రోజుల్లో,
ముప్పై రెండు ఇళ్లవాళ్లు డబ్బు కడతారు
ఇంకా మొలవని బెండకి,
ఇంకా పందిరెక్కని పొట్లకి.
గంగరత్నం పసుపు అట్ట పుస్తకంలో జమ రాస్తుంది.
నేను ఖర్చు చెప్తాను: మోటారుకి డీజిలు,
పందిళ్లకి వెదుళ్లు, వంగ నారుకి కూలి.
అమలాపురంలో ఎవరి వంటింట్లోనో ఉడకాల్సిన పులుసు
అప్పుడే నా గుప్పిట్లో నోట్లై చెమరుస్తుంది.

ఆ డబ్బంటే నాకు భయం.
బ్యాంకువాడు ఏడాదికోసారి వస్తాడు.
వీళ్లు ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం
గుమ్మంలో నిలబడి ఉంటారు.

తెల్లారగట్ల పంటు మీద సంచులు దాటిస్తాం.
అవతలి రేవులో మరిడయ్య ఆటో.
సంచిలో ఏం ఉండాలో మేం చెప్పం,
లంక చెప్తుంది.
ఓసారి వరసగా ఐదు వారాలు ఆనపకాయే చెప్పింది.
గడియారస్తంభం వెనక భాస్కరంగారు
"మా ఆవిడ నన్నూ ఆనపకాయని చూసినట్టే చూస్తోందమ్మా" అన్నారు.
డబ్బు వెనక్కి అడగలేదు.
ఇద్దరు అడిగారు. ఇచ్చేశాం.

ఆ వేసవి ఆఖర్న బీరకాయలు ముదిరిపోయాయి.
గంగరత్నానికి జ్వరం, కోత ఆలస్యం చేసింది నేనే.
పీచెక్కిన కాయ పెట్టాలంటే సిగ్గు,
పెట్టకపోతే సంచి బోసి.
పెట్టాను.
నర్సు మార్తమ్మగారు కాయని గోటితో నొక్కి చూశారు.
ఏమీ అనలేదు.
ఆ అనకపోవడం రెండు రోజులు గుచ్చుకుంది.

ఆరుద్రకి ఎర్రనీరు.
మఖలో ఓ రాత్రి ఫోను, ధవళేశ్వరంలో గేట్లెత్తారని.
తెల్లార్లూ కోశాం, పిందెలతో సహా,
టార్చి వెలుగులో కాయేదో ముల్లేదో తెలియకుండా.
మోటారు విప్పి పడవెక్కించాం. మేకల్ని ఎక్కించాం.
విత్తనాల కుండ అటక మీదే ఉండిపోయింది.
అటకదాకా రాదనుకున్నాం.

పదకొండు రోజులు గట్టు మీది బడిలో.
మంగళవారం వచ్చింది, ఊరికే.
శుక్రవారం కూడా.

నీరు తీసేసరికి మోకాల్లోతు ఒండ్రు,
చల్లగా, మెత్తగా, ఎన్ని ఊళ్ల పొలాలదో.
పందిరి రాట ఒక్కటే మిగిలింది,
దానికి చుట్టుకుని ఎవరిదో చీర.
కుండలో గింజలు చీకట్లోనే మొలిచి
చీకట్లోనే కుళ్లాయి.

లెక్క చెప్పుకోడానికి ఊళ్లోకి వెళ్లాం,
సంచులు మడతపెట్టి చంకన పెట్టుకుని.
పుస్తకం నానిపోయింది.
భాస్కరంగారి బాకీ నీలంగా కారి
మార్తమ్మగారి పేజీలో తేలింది.

ఆవిడ పెరట్లో గిన్నెలు తోముకుంటున్నారు.
మేం చెప్పుకుపోతున్నాం, నేను చేతిలోకి చూశాను.
బీర పీచు.
నా ముదురు కాయే.
నురగ కడుక్కుని లోపలికెళ్లి
లేబులు సగం చిరిగిన మందుసీసా తెచ్చారు,
దానినిండా నల్లగింజలు.
"పొట్టు పచ్చడికి కూడా పనికిరాలేదు గానీ,
పారేయబుద్ధి కాలేదు" అన్నారు.

ఆ వీధిలోనే ఇంకో మూడిళ్లు తట్టాం.
ఒకచోట స్నానాల గదిలో వేలాడుతోంది,
ఒకచోట ఇంకా విప్పని ఎండుకాయ,
ఊపితే గలగలమంది.
అన్నీ కలిపి నూట నలభై ఏడు.

ఉత్తర కార్తెలో ఒండ్రులో వేలు దింపి వేశాం.
తొంభై దాకా లేచాయి.
కొన్ని నత్తలు తిన్నాయి.
కార్తీకంలో మొదటి సంచి:
నాలుగు బీరకాయలు, తోటకూర కట్ట. అంతే.

కొత్త పుస్తకంలో డబ్బు జమ వైపు రాసి,
గింజలు ఎటు రాయాలో తెలియక
కలం పట్టుకు కూర్చుంది గంగరత్నం.
నేను పందిరి కింద వంగి వెళ్లి
చివరి తీగకి రెండు కాయలు వదిలేశాను,
ఈసారి కావాలనే.
రేవులో కేకలు,
పంటు వెళ్లిపోతోందని.